బీడు తీర్మానం

ఢిల్లీ,
ఆగస్టు 12, 2010.

తాతా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నాన్న మధ్యలో కూర్చుని నా మాట నీ చెవిలో అరుస్తాడు, నీ మాట నాకు సగమే చెబుతాడు. మల్లాపూర్‌లో మిషన్ల మధ్య ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, అరవడం ఒక్కటే బాగా వచ్చు. అందుకే ఉత్తరం.

మా కాలేజీలో ఒక బహుమతి ఉంది. డిగ్రీ వాళ్లకే. ‘జెండర్, రాజకీయాలు’ అని విషయం. అంటే రాజకీయాల్లో ఆడవాళ్లు ఎక్కడ కూర్చోవాలి, మగవాళ్లు ఎక్కడ కూర్చోవాలి, అది ఎవరు తేల్చారు అని. దాని మీద వ్యాసం రాయాలి. గెలిచిన వ్యాసాన్ని అచ్చు వేస్తారు. నాకు ఎమ్మే సీటు దగ్గర చాలా బలం అవుతుంది. ఇది నా చివరి ఏడాది, మళ్లీ అవకాశం లేదు. తెలుగు మీడియం పిల్ల అని ఇక్కడ మూడేళ్లుగా వింటున్నాను తాతా. ఈ ఒక్కటి నాకు కావాలి.

మార్చిలో రాజ్యసభలో మహిళా బిల్లు పాసయింది కదా, అందరూ పార్లమెంటు గురించే రాస్తారు. నేను మన తుమ్మలగడ్డ పంచాయతీ గురించి రాద్దామనుకున్నాను. నువ్వు అక్కడ పద్దెనిమిదేళ్లు కారోబార్‌వి. పన్ను రశీదు కోసింది నువ్వు, బోరు మోటరు వేసింది నువ్వు, మీటింగుల పుస్తకం రాసింది నువ్వు. ఆడవాళ్ల సీటు అయినప్పుడు గెలిచిన దుర్గమ్మ గురించి చెప్పు. నాకు చిన్నప్పుడు విన్న ఒక్క మాటే గుర్తుంది, “బీడమ్మిన సర్పంచ్” అని. అసలేం జరిగింది? ఆమె సొంతంగా పనిచేసిందా, మొగుడు చెప్పినట్టు చేసిందా? నువ్వు పక్కనే ఉన్నావు కదా.

నీ హరిత


నాచారం,
ఆగస్టు 27, 2010.

హరిత బిడ్డకు, తాత రాసేది.

ఉత్తరం అందింది. మీ అమ్మ చదివి పెడతానంది. నేనే చదువుకున్నాను. చెవులు పోయాయి కానీ కళ్లు ఉన్నాయి.

నేను ఏడో తరగతి వాణ్ణి. పెద్ద మాటలు రావు. అడిగిన దానికి జవాబు రాస్తున్నాను.

దుర్గమ్మ 2001లో సర్పంచ్ అయింది. ఆడ సీటు కాబట్టి భర్త ఉప్పలయ్య ఆమెను నిలబెట్టాడు. ఊళ్లో ఆయన్నే సర్పంచ్ సాబ్ అనేవారు. ఊరి పశువులు మేసే బీడు ఎనిమిది ఎకరాలు ఉండేది. దాన్ని ప్లాట్లు చేసుకోవడానికి అభ్యంతరం లేదని 2004లో పంచాయతీ తీర్మానం అయింది. తర్వాత పైనుంచి విచారణ వచ్చింది. తీర్మానం కింద సంతకం ఆమెదే. మీటింగులోనే పెట్టింది. ఆమెను తీసేశారు.

అంతే.

ఇక్కడ వానలు. మన గల్లీలో మోకాలి లోతు నీళ్లు. హాస్టల్లో పెరుగు వేస్తారా? వేయకపోతే కొనుక్కుని తిను.

చంద్రయ్య


ఢిల్లీ,
సెప్టెంబరు 20, 2010.

తాతా,

పెరుగు వేస్తారు. నీళ్లలో కొంచెం పెరుగు కలిపి వేస్తారు.

వ్యాసం ఇచ్చేశాను! నీ ఉత్తరం చిన్నదే అయినా, నాకు కావలసింది అందులోనే దొరికింది. ఇంగ్లీషులో రాశాను, ముఖ్యమైన ముక్క నీకోసం తెలుగులో పెడుతున్నాను:

“ఒక గ్రామంలో రిజర్వేషన్ వల్ల చదువురాని స్త్రీ సర్పంచ్ అయింది. అధికారం భర్త చేతిలో, సంతకం ఆమె చేతిలో. ఏమి రాసి ఉందో తెలియకుండానే ఆ అమాయకురాలు సంతకం చేసింది. ఊరి ఉమ్మడి భూమి పోయింది. శిక్ష మాత్రం ఆమెకే పడింది. కుర్చీ ఇచ్చినంత మాత్రాన అధికారం రాదు. ముందు చదువు ఇవ్వాలి, తర్వాత కుర్చీ ఇవ్వాలి.”

ఊరి పేరు, ఆమె పేరు రాయలేదు. చివరి వాక్యం బాగుందని మా మేడమ్ కింద గీత గీసింది. ‘నమ్మకమైన ప్రత్యక్ష సాక్షి చెప్పిన వివరం’ అని నిన్ను కూడా రాశాను. అచ్చులో పడితే నువ్వూ పడ్డట్టే.

ఎట్లా ఉంది? నిజంగా చెప్పు.

హరిత


నాచారం,
అక్టోబరు 9, 2010.

హరితకు,

ఉత్తరం చదివాను. రెండు మూడుసార్లు చదివాను.

మొన్న చెవి దవాఖానాకు పోయి ఉప్పల్ రింగురోడ్డులో దిగాను. వరంగల్ బస్సులు ఆగేచోట దుర్గమ్మ మక్కకంకులు కాలుస్తోంది. ఉప్పలయ్య పోయిన తర్వాత ఊరు విడిచి ఉప్పల్లోనే ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉంటోందట. విసనకర్ర విసురుతూ తలెత్తి నన్ను చూసింది. నేను ఎదురుగా వచ్చిన బస్సు ఎక్కాను. అది మన నాచారం బస్సు కాదు. బోడుప్పల్ పోయి మళ్లీ వచ్చాను.

నీ వ్యాసంలో చదువురాని అని ఉంది. ఆమెకు చదవడం వచ్చు. వీలైతే దిద్దుకో.

చంద్రయ్య


ఢిల్లీ,
నవంబరు 15, 2010.

తాతా,

ఆఖరి ముగ్గురిలో నా పేరు ఉంది! ఫిబ్రవరి 12న ముగ్గురమూ వ్యాసాలు చదివి వినిపించాలి. అదే రోజు ఎవరికో ఒకరికి బహుమతి. మిగతా ఇద్దరూ మంత్రుల భార్యల గురించి, టీవీ చర్చల గురించి రాశారు. ‘నీదొక్కటే నేల మీద నుంచి వచ్చింది’ అని మేడమ్ అంది.

పండగ చేసుకుందామంటే నీ ఉత్తరం అడ్డం పడింది. ఆమెకు చదవడం వచ్చా? అంత చిన్నగా ఎట్లా రాశావు ఆ మాట? దాంతో నా వ్యాసం నడుం విరుగుతుంది. చదవడం వచ్చిన మనిషి ఏముందో చూడకుండా ఎందుకు సంతకం పెడుతుంది? చూసే పెట్టిందన్నమాట. అంటే ఊరివాళ్లు అన్నదే నిజం, దుర్గమ్మ బీడు అమ్ముకుంది.

మేడమ్‌ను అడిగాను. వాదన మార్చకూడదు కానీ వివరం తప్పైతే చదివే రోజు ఒకటి రెండు వాక్యాలు సరిచేసుకోవచ్చంది. అయితే ‘చదువురాని అమాయకురాలు’ తీసేసి, ‘భర్తతో కలిసి భూమిని అమ్ముకున్న సర్పంచ్’ అని పెడతాను. కుర్చీకి ముందు చదువొక్కటే చాలదు, నీతి కూడా కావాలి అని ముగించవచ్చు. ఇంకా బలంగానే ఉంటుంది.

మార్చేయనా? నువ్వు సరే అంటే మార్చేస్తాను. అక్కడ ఉన్నది నువ్వొక్కడివే.

హరిత


నాచారం,
డిసెంబరు 2, 2010.

హరితా,

మార్చకు. ఆ మాట రాయకు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. మీ అమ్మ కాగితాలు పొయ్యిలోకి పనికొస్తాయని ఏరుకుపోయింది.

ముందు మా పంచాయతీలో పని ఎట్లా నడిచేదో చెప్పాలి. నెలకో మీటింగు. సెక్రటరీ సారుకు నాలుగు ఊళ్లు, వస్తే వచ్చినట్టు. తీర్మానాల పుస్తకం నా దగ్గరే ఉండేది. వార్డు మెంబర్లు వస్తారు, కొట్లాడుకుంటారు, చాయ్ తాగుతారు. నా రాత నిదానం. అది అయ్యేదాకా ఎవరు కూర్చుంటారు? ఒకరికి పాలు పిండే వేళ, ఇంకొకరికి కరెంటు వచ్చే వేళ. అందుకని ముందే పేజీ అడుగున అందరి సంతకాలు తీసుకునేవాణ్ణి. పైన ఖాళీ. వాళ్లు పోయాక, మాట్లాడుకున్నది నింపేవాణ్ణి. నేను చేరక ముందు నుంచీ అదే పద్ధతి. తప్పని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

దుర్గమ్మ ఒక్కతే అడిగింది. మొదటి మీటింగులోనే, “ఏం రాస్తవో తెల్వకుంట ఎట్ల పెట్టాలె చంద్రన్నా?” అంది. మెంబర్లు నవ్వారు. ఉప్పలయ్య, “పెట్టవే, తెలిస్తె మాత్రం ఏం జేస్తవ్” అన్నాడు. పెట్టింది. తెల్లారి పొలం నుంచి వస్తూ ఆఫీసుకు వచ్చి గడపలో నిలబడింది. “ఏం రాసినవో సదువు” అంది. చదివాను. నెలనెలా అట్లే వచ్చేది. ఏడాది అయ్యాక, “నువ్వు సదివేది అండ్ల ఉన్నదో లేదో నాకేం ఎర్క? నాకే నేర్పు” అంది. నేర్పాను. పాత రశీదుల వెనక దిద్దేది. ఎనిమిది నెలలకు పుస్తకం తానే చదువుకునేది, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. తప్పు రాస్తే పట్టుకునేది. “నేను మూడు లైట్లన్న, నువ్వు రెండేసినవ్” అనేది.

2004లో బీడు మాట మీటింగుకు వచ్చింది. ఉప్పల్ దిక్కు నుంచి భూముల ధరలు ఎగబాకి వస్తున్న రోజులు. ప్లాట్ల మనిషి ఉప్పలయ్యను పట్టుకున్నాడు. ఆ రోజు దుర్గమ్మ లేచి, “బీడు ఇస్తె పసులు ఏడ మేస్తయ్? మీ మిద్దెలెక్కి మేస్తయా? నేనుండంగ గది గాదు” అంది. సగానికి పైగా మెంబర్లు ఆమె దిక్కే ఉన్నారు. ‘బీడు ఇవ్వరాదు’ అని తేలింది. ఎప్పటిలాగే అడుగున సంతకాలు పెట్టి పోయారు. ఆ సాయంత్రమే ఆమె అక్క బిడ్డ కాన్పుకు భువనగిరి పోయింది, పదిహేను రోజులు రాలేదు.

తెల్లారి ఉప్పలయ్య, ప్లాట్ల మనిషి ఆఫీసుకు వచ్చారు.

“పేజీ ఖాళీగున్నదా చంద్రన్నా?”

“ఉన్నది.”

“అయితె రాయి.”

“ఆమె వద్దన్నది గద బావా.”

“ఆమె వేరు, నేను వేరా? ఇంటి మాట నేను జెప్తున్న. రాయి.”

ఆగాను. నేను చేసిందల్లా అదే, ఆగడం. కాసేపు ఆగి రాశాను. ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా’ అని నా చేత్తో రాశాను.

ఆమె వచ్చేసరికి బీడులో రాళ్లు పాతారు. విచారణ వచ్చిన రోజు ఆఫీసరు పుస్తకం నా ముందు పెట్టాడు. సంతకం ఎవరిది అన్నాడు. ఆమెదే సార్ అన్నాను. మీటింగులోనే పెట్టిందా అన్నాడు. మీటింగులోనే సార్ అన్నాను. దుర్గమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంది. “నేను వద్దన్న సార్. కావాలంటె చంద్రన్నను అడుగున్రి” అంది. ఆయన నా దిక్కు తిరిగి, ఇంకేమైనా చెప్పేది ఉందా అన్నాడు.

నేను నేల చూశాను.

మెంబర్లు కూడా నోరు తెరవలేదు. ఉప్పలయ్య, “సంతకం ఆమె పెట్టింది, నాకేం తెల్సు సార్” అన్నాడు. 

ఇదీ జరిగింది. నీ బహుమతికి అడ్డం వస్తుందని తెలుసు. అయినా ఆమెను దొంగ అని రాయకు.

చంద్రయ్య


ఢిల్లీ,
డిసెంబరు 14, 2010.

తాతకు,

మీ ఉత్తరం అందింది.

ఆ ఆఫీసరుతో ఆమె ‘చంద్రన్నను అడుగున్రి’ అంది. నేనూ అదే చేశాను. మిమ్మల్నే అడిగాను, ఆగస్టులో. ఆయనకు చెప్పిందే నాకూ చెప్పారు. సంతకం ఆమెదే, మీటింగులోనే పెట్టింది. ఆరేళ్లయినా ఒక్క మాట కూడా మారలేదు.

నేను మిమ్మల్ని నమ్మకమైన సాక్షి అని రాశాను.

మేడమ్‌కు చెప్పాను. ఇది ఒక వాక్యం తప్పు కాదు, వ్యాసమే తప్పు అంది. ఇచ్చిన తర్వాత వేరే వ్యాసం పెట్టడానికి లేదు. ఉన్నది ఉన్నట్టు చదవాలి, లేదా విరమించుకోవాలి. జనవరి ఇరవై లోపల చెప్పమంది. పేర్లు లేవు కదా, ఎవరికి తెలుస్తుంది, చదివేయ్ అని రూమ్మేటు అంటోంది. ఏం చేస్తానో నాకు తెలియదు.

రెండు విషయాలు అడుగుతాను. ఆ బీడులో మీరు ప్లాటు తీసుకున్నారా? ఇదంతా ఆమెకు ఎప్పుడైనా చెప్పారా?

హరిత


నాచారం,
జనవరి 9, 2011.

హరిత బిడ్డకు,

నన్ను మీరు అన్నావు. నాకు తగినదే.

ప్లాటు తీసుకోలేదు. చాయ్ కూడా తీసుకోలేదు. ఏదైనా తీసుకుని ఉంటే, దానికోసం చేశాడు అని నీకు రాసుకోవడానికైనా ఉండేది. ఎదురుగా నిలబడి రాయి అన్న మనిషికి, రాయను అని చెప్పడం నాకు చేతకాలేదు. అంతకంటే పెద్ద కారణం వెతికాను. లేదు.

రెండోది, మొన్నటిదాకా చెప్పలేదు. నిన్న ఆమె దగ్గరికి పోయాను. బందులతో బస్సులు సరిగా లేవు. నాచారం నుంచి ఉప్పల్ దాకా నడిచాను. చలికాలం కదా, ఇప్పుడు ఉడకబెట్టిన పల్లికాయలు అమ్ముతోంది.

“ఏం చంద్రన్నా, ఇయ్యాల బస్సెక్కలే?” అంది.

“నీతోని మాట్లాడాలె సర్పంచమ్మా.”

“సర్పంచ్ ఏంది సర్పంచ్. పావుకిలోనా, అద్దకిలోనా?”

పావుకిలో అన్నాను. పొట్లం చేతికి ఇచ్చేలోపల చెప్పడం మొదలుపెట్టాను. హారన్ల మోత. “గట్టిగ జెప్పు. చెవుడు నీకొక్కనికే అనుకుంటున్నవా, ఈ బస్సులకు నాక్కూడ వచ్చింది” అంది. రింగురోడ్డు మీద నిలబడి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. జనగామ బస్సు కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు.

అంతా విని తట్టలో పల్లికాయలు సర్దుకుంది.

“గిదంత నాకు ఎర్కలేదా? నీ రాత నాకు తెల్వదా? నువ్వు రాస్తివి, నేలకు సూస్తివి. తెల్వంది నాకు గాదు, ఊరికి. ఊళ్లె పెండ్లైతె నన్ను పిలువరు. మా ఆయన పీనుగు లేస్తుంటె గూడ, బీడమ్మినది వచ్చింది, జరుగున్రి అన్నరు. ఇప్పుడొచ్చి నా చెవుల జెప్తె నాకేమొస్తది? ఆడ జెప్పు.”

“ఏడ?”

“జెండా పండుగనాడు గ్రామసభ ఉంటది గద. ఆడ.”

“నాకు సభల మాట్లాడ రాదమ్మా.”

“రాయొస్తది. మాట్లాడ రాదు. మస్తున్నది నీ సదువు” అంది.

నీ వ్యాసం సంగతి కూడా చెప్పాను. అమాయకురాలు అని రాశావంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్లను నాతో ఒకసారి మాట్లాడమను అంది. ఫోన్ నంబరు పొట్లం కాగితం మీద తానే రాసి ఇచ్చింది. దాన్ని ఇందులో పెట్టాను. ఉప్పునీళ్ల మరక ఉంది, ఏమనుకోకు.

ఇరవై ఆరుకు ఇంకా పదిహేడు రోజులు ఉంది. పద్దెనిమిదేళ్లు పంచాయతీలో ఉన్నా సభలో నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడేవాళ్లు వేరే ఉండేవాళ్లు. పోతానని నీకు మాట ఇవ్వలేను.

చంద్రయ్య


ఢిల్లీ,
జనవరి 19, 2011.

తాతా,

ఫోన్ చేశాను. “ఏం అడుగుతవో అడుగు బిడ్డా, గని నేను జెప్పింది జెప్పినట్టు రాయి” అంది. గంట మాట్లాడింది. మధ్యలో బేరాలు చేసింది. నేను రాసిన ముక్క తెలుగులో చదివి వినిపించాను. ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత, “నువ్వు గూడ నన్ను అడగక ముందే రాసినవ్ గదనే” అంది. 

మన ఇంటికి నాలుగు మైళ్లలో ఉన్న మనిషి. నేను పంచాయతీ చట్టం చదివాను, పదకొండు పుస్తకాలు తిరగేశాను, నిన్ను అడిగాను. ఆమెను అడగాలని మాత్రం నాకు తోచలేదు. ఆమె నోట మాట లేదనే అనుకున్నాను. ఆమె వద్దు అన్న సంగతి నీ పుస్తకంలో లేదు, నా వ్యాసంలోనూ లేదు. నిన్ను ‘మీరు’ అని రాసినప్పుడు నేను వేరే గట్టు మీద నిలబడ్డాననుకున్నాను. కాదు.

మొన్న వ్యాసం వెనక్కి తీసుకున్నాను. మేడమ్ భుజం మీద చెయ్యి వేసింది, అంతే. ఇప్పుడు ఇద్దరే చదువుతారు. రెండు రోజులు ఏడ్చాను తాతా. అది నీకు తెలియాలి. పోనీలే అని నన్ను ఎవరూ అనొద్దు. నాకు ఆ బహుమతి చాలా కావాలి.

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. పోతావో పోవో నీ ఇష్టం. కానీ పోతే, ఆమెను కూడా తీసుకుపో. ఆమె లేని చోట ఆమె గురించి మాట్లాడడం మన ఇద్దరికీ బాగా అలవాటైంది.

హరిత


నాచారం,
జనవరి 28, 2011.

హరిత బిడ్డకు, తాత రాసేది.

పోయాను. ఆమెను తీసుకుపోయాను అనడం తప్పు. ఆమే నన్ను తీసుకుపోయింది. పొద్దున ఉప్పల్లో ఆటో మాట్లాడి నాచారం వచ్చి, మన ఇంటి ముందు హారన్ కొట్టించింది. మీ నాన్న బయటికి వచ్చి ఎవరు అంటే, “మీ నాయన పాత సర్పంచ్‌ను” అంది. వాడు లోపలికి పోయి నా కండువా తెచ్చి అందించాడు. చెంగిచెర్ల మీదుగా ఊరు చేరాం.

బడి ముందర జెండా ఎగరేశారు. వరండాలో సభ. యాభై మంది ఉంటారు. సగం మంది కొత్త ప్లాట్ల వాళ్లు, నాకు తెలియదు. దుర్గమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు లేచి వేరే చోట కూర్చున్నారు. ఆమె అటు చూడలేదు.

ఇప్పుడు కూడా అక్కడ ఆడ సీటే. సర్పంచ్ పేరు తారామణి. కుర్చీలో ఆమె భర్త విక్రమ్ కూర్చుని ఉన్నాడు. మంచివాడే, నన్ను చూసి, “దా దా పెద్దనాయనా, కూసో” అన్నాడు. నీళ్ల సంగతి, మోరీల సంగతి అయ్యాయి. ఇంకెవరన్నా మాట్లాడేది ఉందా అని అడిగినట్టుంది. నాకు వినపడలేదు. దుర్గమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

లేచాను. గోడ పట్టుకున్నాను. ఏం చెప్పానో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“నేను చంద్రయ్యను. ఇక్కడ కారోబార్ చేసిన. బీడు తీర్మానం నేను రాసిన. దుర్గమ్మ సంతకం పెట్టేటప్పుడు పైన ఏమీ లేదు. ఆమె బీడు ఇయ్యద్దన్నది. మీటింగుల తేలింది గూడ గదే. తెల్లారి ఉప్పలయ్య రాయమంటె నేను ఇయ్యమని రాసిన. విచారణల నేను ఈ మాట జెప్పలే. బీడు అమ్మింది ఆమె గాదు.”

కూర్చోబోయాను. జనంలో గోల లేచింది. ఎవరో అరిచారు, ఎవరో నవ్వారు. సగం వినపడలేదు, మేలైంది. అప్పటి మెంబరు ఒకాయన లేచి తల వంచుకుని బయటికి పోయాడు. విక్రమ్ చెయ్యి ఎత్తి అందరినీ కూర్చోమన్నాడు. నా దగ్గరికి వచ్చి చెవిలో, “అయిపోయిన ముచ్చట ఎందుకు పెద్దనాయనా ఇప్పుడు. సరే, రాస్కుంటం తియ్యి” అన్నాడు.

“ఎవరు రాస్కుంటరు?” అని దుర్గమ్మ లేచింది.

“మేం రాస్కుంటం లే పెద్దమ్మా.”

“సర్పంచ్ ఏది?”

“నేనున్న గద.”

“నువ్వు సర్పంచ్ మొగనివి. మొగన్ని నేనూ సూసిన. సర్పంచ్ ఏది?”

“ఇంట్ల ఉన్నది. సుట్టాలొచ్చిన్రు, వండుతున్నది.”

“సుట్టాలు ఆగుతరు. పిలువు. ఆమె వచ్చేదాంక మేం ఈడనే కూసుంటం” అని దుర్గమ్మ నేల మీద చతికిలబడింది. ఎవరో ఆడమనిషి, పిలువురి మరి అంది. ఇంకొకామె కూడా అంది. ముందు లేచిపోయిన ఇద్దరిలో ఒకామె వచ్చి మళ్లీ పక్కన కూర్చుంది. విక్రమ్ నవ్వడానికి చూశాడు, ఎవరూ నవ్వలేదు. ఫోన్ తీశాడు.

పావుగంట పట్టింది. తారామణి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చేతులకు పిండి, కొంగుతో తుడుచుకుంటూ వరండా మెట్ల దగ్గర ఆగిపోయింది. ఎక్కడ నిలబడాలో తెలియలేదు ఆమెకు. విక్రమ్ ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు, లేచి గోడ దగ్గరికి జరిగాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

తీర్మానాల పుస్తకం ముందుకు లాక్కుంది. పెన్ను ఎవరిదో అడిగి తీసుకుంది.

“నేను లేను గద, నాకు తెల్వదు. మల్ల మొదటికెల్లి జెప్పున్రి తాతా” అంది.

ఒక్కసారి చెప్పడానికే ఆరేళ్లు పట్టిన మనిషిని. మళ్లీ లేచాను. ఈసారి గోడ పట్టుకోలేదు. ఆమె రాత నాకంటే నిదానం. ఒక మాట చెప్పి, ఆమె రాసేదాకా ఆగి, ఇంకో మాట చెప్పాను.

చంద్రయ్య